పాట చెప్పినట్టు విన్న స్వరకర్త: వెల్యో టోర్మిస్ స్మారకోపన్యాసం



ఎస్టోనియా స్వరకర్త వెల్యో టోర్మిస్ 2017 జనవరి 21న కన్నుమూశారు. ఆయన రాసిన బృందగానాలు ఐదువందలకు పైమాటే. ఆ రాశికంటె ఆయన పాటించిన నియమమే గొప్పదని నా నమ్మకం. జానపద గీతాన్ని తాను వాడుకోవడం కాదు, ఆ గీతానికే తాను పనిముట్టు కావడం ఆ నియమం. అదెలా ఏర్పడిందో తెలియాలంటే ఆ దేశపు పాట చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్లాలి.

ఎస్టోనియన్లకు రెగిలౌల్ అనే ప్రాచీన గానరీతి ఉంది. సాధారణంగా పాదానికి ఎనిమిది అక్షరాలు. అంత్యప్రాస నియమం లేదు. పదాల మొదటి ధ్వనులే ఒకదానినొకటి పలకరించుకుంటాయి. ఒక పాదం చెప్పిన సంగతిని తరువాతి పాదం మరో మాటలో చెబుతుంది. కొద్దిపాటి స్వరాలతో చిన్న వరస. ఒకరు పాదం ఎత్తుకుంటే, అది ముగిసే చోటే మిగతావారు అందుకుని వంత పాడతారు. పొలం పనుల్లో, ఊరి ఉయ్యాల దగ్గర, పెళ్లిళ్లలో ఎక్కువగా స్త్రీలే ఈ పాటను మోశారు.

19వ శతాబ్దంలో జర్మన్ పద్ధతి బృందగానం ఊరూరా పాకింది. 1869లో టార్టు నగరంలో మొదటి జాతీయ గానోత్సవం జరిగింది. పరాయి ప్రభువుల కింద నలిగిన రైతుజనానికి తామొక జాతి అన్న ధైర్యాన్ని ఆ ఉత్సవం ఇచ్చింది. అయితే ఆ వేదిక మీద మోగినవి కొత్త తరహా పాటలు. రెగిలౌల్ పల్లెలోనే ఉండిపోయి, ముసలివారి గొంతుల్లో సన్నగిల్లుతూ వచ్చింది. 1888లో జానపద సేకర్త యాకోబ్ హుర్ట్ ఇచ్చిన పిలుపుకు స్పందించి వందలాది మంది ఆ పాటలను రాసి పంపారు. అలా మాట కాగితాల మీద నిలిచింది గానీ పాడే సందర్భాలు తగ్గిపోతూనే ఉన్నాయి.

1930 ఆగస్టు 7న కుసాలు ప్రాంతంలో పుట్టిన టోర్మిస్ పెరిగింది ఆ కొత్త సంప్రదాయంలోనే. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయిస్తూ గాయక బృందాన్ని నడిపేవారు. కొడుకు టాలిన్‌లో ఆర్గన్ నేర్చుకుని, మాస్కో కన్సర్వేటరీలో షెబాలిన్ దగ్గర స్వరరచన చదివి 1956లో పట్టా పొందారు. 1959లో కిహ్ను ద్వీపంలో పాతకాలపు పెళ్లితంతు చూశారు. అక్కడ పాటను పెళ్లి నుంచి విడదీయడం సాధ్యం కాదని ఆయనకు అర్థమైంది. తరువాత హంగరీలో స్వరకర్త కొదాయ్ జానపద గీతాలతో చేసిన కృషిని పరిశీలించడంతో దారి స్థిరపడింది. 1966-67లో వచ్చిన 'ఎస్టోనియా పంచాంగ గీతాలు' ఆ దారిలో మొదటి పెద్ద పంట.

ఆయన పద్ధతిని కాస్త నిదానంగా చూద్దాం. చదువుకున్న స్వరకర్తకు జానపద వరస దొరికితే దాన్ని సాగదీసి, శ్రుతులు మార్చి, విస్తరించాలనిపిస్తుంది. టోర్మిస్ వరసను ముట్టుకోలేదు. అది తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది; మారేది దాని చుట్టూ ఉన్న నాదం. ఒకచోట కదలని ఆధారశ్రుతి, ఒకచోట పొరలుపొరలుగా చేరే గొంతులు, ఒకచోట మెల్లగా పెరిగే ఉధృతి. వినేవారికి ఆవృత్తి విసుగు కలిగించదు, లోపలికి లాగుతుంది.

1972 నాటి 'ఇనుముకు శాపం' ఇందుకు గొప్ప ఉదాహరణ. ఒకదాని పుట్టుక తెలిస్తే దాని మీద అధికారం వస్తుందన్న పాత నమ్మకం మీద ఆ రచన నిలిచింది. ఫిన్నిష్ ఇతిహాసం కాలెవాలాలోని ఇనుము పుట్టుక కథకు, యుద్ధయంత్రాల కాలాన్ని ఎత్తిచూపే కొత్త పాదాలు చేరాయి. గాయక బృందం పక్కన ఒకే ఒక్క షమాన్ (మంత్రగాడి) డప్పు మోగుతుంది. ప్రాచీన మంత్రం మన కాలపు ఆయుధాలను నిలదీస్తుంది.

ఆయన జీవితంలో అతి పెద్ద పని 'మరచిపోయిన జనాలు'. 1970 నుంచి 1989 దాకా ఆరు భాగాలుగా, 51 పాటలుగా సాగింది. లివోనియన్లు, వోట్లు, ఇజోరాలు, ఇంగ్రియా ఫిన్నులు, వెప్స్‌లు, కరేలియన్లు ఎస్టోనియన్లకు భాషాబంధువులు. యుద్ధాలు, బలవంతపు తరలింపులు, పెద్ద భాషల ఒత్తిడి వారి పలుకులను అంచుకు నెట్టాయి. టోర్మిస్ వారి పాటలను వారి భాషల్లోనే పాడించారు. తన జాతి కూడా అదే ప్రమాదంలో ఉన్న సోవియట్ కాలంలో, తనకంటె బలహీనుల గొంతును ముందు నిలపడం ఆయన హృదయ వైశాల్యం. టొను కల్యుస్తె నడిపిన ఎస్టోనియా ఫిల్హార్మోనిక్ చాంబర్ గాయక బృందం ఈ పాటలను లోకానికి వినిపించింది.

2000లో ఆయన స్వరరచన విరమించారు. గానోత్సవం పక్కకు నెట్టిన పాటను గాయక బృందాల నోటికే తిరిగి అందించడం ఆయన సాధించిన పని. జానపద గీతాన్ని చేతపట్టే ప్రతి కళాకారుడికీ ఆ జీవితం ఒక కర్తవ్యం చెబుతోంది: ముందు ఆ పాట నియమాన్ని నేర్చుకోవాలి, దాని భాషను గౌరవించాలి, ఆ తరువాతే మన విద్యను దాని సేవకు పెట్టాలి. ఈ క్రమం తప్పనివారే ఆయనకు నిజమైన వారసులు.