చేను రంగు మార్చేది ఎవరు?

(ఎంకపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే చేమంతులు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మళ్లీ సాయంత్రం నీళ్లు కట్టుకోవాలి. అందుకని సుత్తి లేకుండా విషయానికి వస్తాం.

పట్టా గురించి, పాస్‌పుస్తకం గురించి మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. నిన్నటిదాకా ధరణి మీద కొట్లాడినం, 2025 నుంచి భూభారతి వచ్చింది, దాని మీదా మాట్లాడుతున్నాం. అదంతా భూమి ఎవరిది అన్న లెక్క. ఇంకో లెక్క ఉంది, దాని మీద మనం పెద్దగా దృష్టి పెట్టలేదు. ఆ భూమిలో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది. మొదటిది తహసీల్దారు ఆఫీసులో తేలుతుంది. రెండోది తేలే చోటు వేరే. హైదరాబాద్‌లో హెచ్‌ఎండీఏ ప్లానింగ్ విభాగంలో ఒక నక్ష ఉంటుంది. ఆ నక్షలో ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు వేసి ఉంటుంది. నివాస ప్రాంతం ఒక రంగు, పరిశ్రమలది ఒకటి, సంరక్షణ ప్రాంతం ఇంకొకటి. మీ చేను ఏ రంగులో పడితే దాని ధర అంత, దాని బతుకు అంత. రంగు వేసే ముందు మనల్ని అడిగినవాళ్లు లేరు.

ఆ విభాగానికి పెద్దగా కూర్చునే అధికారి గురించే ఇవాళ మాట్లాడాలనుకున్నాం. ఆ కుర్చీకి ఎంత బలం ఉందో, దాన్ని ఎట్లా వాడాలని మనం అడగాలో తెలుసుకోవాలి. హెచ్‌ఎండీఏకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. రోజువారీ పని నడిపేది కమిషనర్, ఆయన ఐఏఎస్. కింద ప్లానింగ్ డైరెక్టర్లు. 2008లో చట్టం చేసి, పాత హుడాను కలిపి ఈ సంస్థను పెట్టారు. 2013 జనవరిలో 2031 దాకా వర్తించే మాస్టర్ ప్లాన్ ప్రకటించారు. మన మొయినాబాద్ చుట్టుపక్కల పల్లెల భవిష్యత్తు ఆ కాగితంలో ఉంది. ఆ కాగితం చూసినవాళ్లు ఈ సభలో చేతులెత్తమంటే పది చేతులు కూడా లేవవని మాకు తెలుసు. అందులో మీ తప్పేం లేదు. అది మీ ఊరికి తెలుగులో, సర్వే నంబర్లతో రాలేదు.

ఇక్కడ జీవో 111 సంగతి చెప్పక తప్పదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది, వేలమంది పోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. వాటిని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చారు. నిండు నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో, సుమారు 1,32,000 ఎకరాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అన్నారు. లేఅవుటు వేస్తే 60 శాతం రోడ్లకూ ఖాళీ జాగాకూ వదలాలన్నారు. మొత్తం ప్రాంతంలో 90 శాతం వ్యవసాయానికీ, పచ్చదనానికీ ఉంచాలన్నారు. ఆ పరిధిలో ఒక నూనె ఫ్యాక్టరీకి అప్పటి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు చెల్లదంది. చెరువు పాడైన తర్వాత ఏడ్చేకంటే ముందే జాగ్రత్త పడాలన్నది ఆ తీర్పు సారం.

చెరువు కాపాడటం తప్పని మన సంఘం ఏనాడూ అనలేదు. ఇప్పుడూ అనదు. కానీ ఒక మాట నిజాయితీగా మాట్లాడుకుందాం. ఈ ప్రాంతంలో జీవో 111 అంటే చాలామంది రైతులకు కోపం ఎందుకు? గండిపేట అవతల గట్టు మీద కోకాపేట ఉంది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ అక్కడ వేలం పెడితే ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఇవతల గట్టున ఉన్న రైతు బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్మబోతే, జీవో ఉందిగా అని కొనేవాడు ధర కోస్తాడు. నగరం నీళ్ల కోసం, నగరం వరద ఆపడం కోసం పెట్టిన నియమం ఇది. భారం మాత్రం 84 ఊళ్ల రైతు మోశాడు. దానికి ఒక్క రూపాయి పరిహారం రాసి ఉందా ఆ జీవోలో? లేదు. కోపం అక్కడినుంచి వచ్చింది.

ఆ కోపాన్ని వాడుకున్నవాళ్లు వేరే. రైతు చేనులో రేకుల షెడ్డు వేసుకుంటే నోటీసు. అదే ఎకరాల కొద్దీ గోడ కట్టి, ఫామ్‌హౌస్ అని, రిసార్టు అని, ఫంక్షన్ హాల్ అని లేపితే నోటీసు ఫైల్లోనే పడుకుంటుంది. చిలుకూరు నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్కన పోతుంటే ఎవరికైనా కనిపించే సంగతే ఇది.

తర్వాత 2022 ఏప్రిల్ 12న జీవో 69 వచ్చింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తున్నాయి, ఈ చెరువుల మీద ఆధారం తగ్గింది, కాబట్టి ఆంక్షలు సడలిస్తామన్నారు. 2023 మే నెలలో మంత్రివర్గం పూర్తిగా ఎత్తేస్తామని తీర్మానించింది. తాగునీళ్ల మాట సరే, వరద మాటేమిటి? 2020 అక్టోబరులో వానలు పడ్డప్పుడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది గదా. ఎత్తేసే మాట వినగానే వచ్చింది ఎవరు? రియల్ ఎస్టేట్ ఏజెంట్లు. ఎవరి దగ్గర ముందే కబురు ఉందో వాళ్లు ముందే కొన్నారు. అమ్ముకున్న రైతుకు దక్కింది పాత ధర. ఏ ఆంక్ష ఉంది, ఏది పోయింది అని ఇవాళ్టికీ మామూలు రైతు తేల్చుకోలేని పరిస్థితి. ఈ అయోమయమే అసలు నష్టం. ఉంటే ఉందని చెప్పాలి, లేకపోతే లేదని చెప్పాలి, ఆ మాట అందరికీ ఒకేరోజు తెలియాలి. ప్లానింగ్ విభాగం పెద్దను మనం అడగాల్సిన మొదటి మాట ఇదే.

రెండో మాట కొంచెం కటువుగా ఉంటుంది. నక్షకు రంగు వేసేదీ హెచ్‌ఎండీఏనే, భూమి వేలం వేసి సొమ్ము చేసుకునేదీ హెచ్‌ఎండీఏనే. గొర్రెల లెక్క రాసేవాడే గొర్రెలు అమ్ముకుంటుంటే లెక్క ఎట్లా నమ్మాలి? ఏ రోడ్డు ఎటు పోతుందో, ఏ జోన్ ఎక్కడ మారుతుందో ముందుగా తెలిసే ఆఫీసుకు భూమి వ్యాపారం కూడా అప్పగించడం ఏ పార్టీ ప్రభుత్వం చేసినా మంచిది కాదు. ఈ సంస్థలో ప్లానింగ్ డైరెక్టర్‌గా పనిచేసిన ఒక అధికారిని 2024 జనవరిలో ఏసీబీ ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో అరెస్టు చేసిన సంగతి పేపర్లలో చదివారు. నేరం తేల్చాల్సింది కోర్టు, మనం కాదు. మనం చెప్పేది ఏమంటే, ఒక్క సంతకంతో ఎకరం విలువ పదింతలయ్యే కుర్చీలో ఎంత మంచివాణ్ణి కూర్చోబెట్టినా సరిపోదు. ఆ సంతకం పెట్టే ముందు ఊరికి తెలిసే ఏర్పాటు ఉండాలి. భూవినియోగం మార్చాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. ఇస్తారు. ఎవరూ చూడని మూలన, చిన్న అక్షరాల్లో. ఆ ప్రకటన ఊరి ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు దగ్గర, పాల కేంద్రం దగ్గర అంటించడానికి ఎంత ఖర్చు?

చేయొచ్చని, చేయించొచ్చని కామారెడ్డి రైతులు చూపించారు. అక్కడ మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ వేసింది. చుట్టుపక్కల పల్లెల పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారు. రైతులకు తెలిసేసరికి అభ్యంతరాల గడువు సగం దాటింది. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు రైతులు కలెక్టరేట్ ముట్టడించారు. ఆఫీసర్లు మొదట ఏమన్నారో గుర్తుందా? ఇది ముసాయిదానే గదా, భూములేం పోవు, ఎందుకు తొందర అన్నారు. ముసాయిదా అన్న మాట వాళ్లకు చిన్నది. బ్యాంకులో అప్పు పుట్టనివాడికి, భూమి బేరం చెడిపోయినవాడికి చిన్నది కాదు. జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. ప్రతి ఊరి రైతూ రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వడం, కౌన్సిలర్లను ఇంటికి పోయి నిలదీయడం, జెండాలు పక్కన పెట్టి కలవడం, ఈ మూడూ పనిచేశాయి.

మనకు ఆ మాట ఇప్పుడు ఎందుకంటే, 2025 జనవరిలో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలు అయ్యాయి. మున్సిపాలిటీ అయితే రోడ్లు వస్తాయి, లైట్లు వస్తాయి అని కొందరు సంతోషపడ్డారు. రావొచ్చు. కానీ మున్సిపాలిటీలో కలిసిన ఊరికి గ్రామసభ ఉండదు. ఉపాధి హామీ పని ఉండదు. పూలు ఏరే ఆడవాళ్లు, కూరగాయల తోటల్లో కూలికి పోయేవాళ్లు ఎండాకాలం ఎట్లా గడపాలి? పైగా హెచ్‌ఎండీఏ పరిధిని 2025లో ప్రాంతీయ రింగు రోడ్డు దాకా పెంచారు. 2050కి కొత్త మాస్టర్ ప్లాన్ మాట నడుస్తోంది. అంటే మన చేలకు మళ్లీ రంగులు వేస్తారు. ఈసారి వేసేముందే మనం ఆ గదిలో ఉండాలి.

ఎంకపల్లి వాళ్లకు వేరే చెప్పక్కరలేదు. 2025 వానాకాలంలో గోశాల కోసం ఇక్కడి భూమిని ఎంచుకున్నప్పుడు ఏం జరిగిందో మీ కళ్ల ముందరిదే. గోశాల వద్దని ఏ రైతూ అనలేదు, ఆవును పెంచేదే రైతు. ఏళ్ల తరబడి దున్నుకుంటున్న మా సంగతి ముందు తేల్చండి అన్నారు. సర్కారు భూమి అని కాగితంలో ఉన్నచోట కూడా, సాగులో ఉన్న మనుషులు నక్షలో కనపడరు. ప్లానింగ్ ఆఫీసరు పొలం గట్టు మీదికి వచ్చి చూస్తే కనపడతారు. కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. రంగు మారి ధర పెరిగితే పట్టాదారుకు డబ్బు వస్తుంది, కౌలుదారుకు చేను పోతుంది.

మరి చెరువు ఎట్లా కాపాడాలి, రైతు ఎట్లా బతకాలి? దారి లేదని అనొద్దు. అమెరికాలో న్యూయార్క్ నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం వంద మైళ్లకు పైగా దూరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. 1990లో నగరం ఆ కొండల రైతుల మీద కొత్త ఆంక్షలు తెస్తామంది. పాడి రైతులు ఎదురు తిరిగారు. అప్పుడు నగరం లెక్క వేసుకుంది. నీళ్లు పాడైతే శుద్ధి చేసే ప్లాంటుకు వందల కోట్ల డాలర్లు కావాలి. అంతకంటే రైతుకే డబ్బిచ్చి నీళ్లు కాపాడుకోవడం చవక. పేడ నిల్వకు, వాగు పక్కన కంచెకు, మురుగు బాగుచేతకు నగరమే సొమ్ము కట్టింది. కలవాలా వద్దా అన్నది రైతు ఇష్టానికి వదిలింది. 1997లో నగరం, పల్లెలు, రాష్ట్రం కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. అక్కడి చట్టాలు వేరు, కమతాలు వేరు, అదంతా ఒప్పుకుంటాం. కానీ నీళ్లు, వరద కాపు అనుభవించే నగరం వాటిని కాపాడే రైతుకు కట్టాలన్న న్యాయం ఎక్కడైనా ఒకటే. కోకాపేటలో ఎకరానికి వచ్చిన వంద కోట్లలోంచి కొంత, గండిపేట పరీవాహకంలో పూలు, కూరగాయలు పండించే రైతుకు ఎకరానికి ఏటా ఇంత అని ఎందుకు ఇవ్వరు? పంట భూమిగా ఉంచితే లాభం ఉందని తెలిస్తే అమ్మేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. అమ్ముకోవాలనుకున్నవాడికి ఆ హక్కు ఎట్లాగూ ఉంటుంది.

కమిషనర్ గారికి ఇచ్చే వినతిపత్రంలో ఇవన్నీ రాస్తున్నాం. ముసాయిదా నక్ష తెలుగులో, సర్వే నంబర్లతో ఊరూరా పెట్టాలి. అభ్యంతరాలు వినడానికి మనల్ని అమీర్‌పేటకు తిప్పకుండా అధికారే మొయినాబాద్‌కు, చేవెళ్లకు రావాలి. ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నామో లేదో, ఎందుకో, రాసి జవాబు ఇవ్వాలి. శిఖం భూమిలో, వాగులో కట్టినవాటిని పెద్దలవైనా సరే లెక్క తీసి జాబితా బయట పెట్టాలి. పరీవాహక రైతుకు పరిహారం సంగతి ప్లాన్‌లోనే రాయాలి, తర్వాత చూద్దాం అనొద్దు.

ఆ పత్రం వెంట మన లెక్క కూడా పోవాలి. వచ్చే వారం నుంచి మన కార్యకర్తలు ఇంటింటికీ వస్తారు. పాస్‌పుస్తకం నకలు ఒకటి తీసి పెట్టుకోండి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, బోరు ఎంత లోతు, ఏడాదికి ఎంతమందికి కూలి దొరుకుతుంది, ఇవన్నీ రాసుకుంటారు. భూమి భర్త పేరున ఉన్నా సాగు చేసేది ఆడమనిషి అయితే ఆమె పేరే రాయించండి. కౌలు కాగితం లేనివాళ్లు వెనక్కి తగ్గొద్దు. ఏ సర్వే నంబరులో, ఎవరి గెట్టు పక్కన, ఎన్నేళ్లుగా ఏ పంట వేస్తున్నారో చెబితే చాలు, మిగతాది మేం రాస్తాం.