ఉప్పునీటి తొట్టి - చేపల జబ్బు, రాతి కలుపు



నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను నివసించువారు సముద్రమును చూడవలెనన్నచో నల్లమల దాటి, గిద్దలూరు దాటి, ఒంగోలు దిక్కుగా చాల దూరము పోవలసియుండును. అయినను నేడు కొందఱి యిండ్లలోనికి సముద్రమే గాజుతొట్టి రూపమున వచ్చియున్నది. నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు అందు తిరుగాడుచుండగా పిల్లలు కన్నార్పక చూచుచుందురు. ఆ వేడుక నిలుచుటకు పెద్దలు తెలిసికొనవలసిన సంగతులు రెండు కలవు. ఒకటి చేపలకు సోకు తెల్లమచ్చల జబ్బు. రెండవది తొట్టిలోని రాళ్లపై కలుపువలె వ్యాపించు ఒక జీవి.

మందుకంటె ముందు నీటిని చూడవలెను. మహానంది కోనేటిలో నీరు ఏల అంత నిర్మలముగా నుండును? ఊట ఎడతెగక వచ్చుచు, పాతనీరు పోవుచుండుటచేతనే గదా! మన తొట్టికి ఊట లేదు. కావున వారమున కొకసారి పదవవంతు నీరు తీసి క్రొత్తనీరు పోయుట మన విధి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రలవణము కావలెను. వంట ఉప్పు పనికిరాదు. అందు సముద్రజలములోని కాల్షియము, మెగ్నీషియము మొదలగునవి తగినంత ఉండవు. బోరునీటిని శుద్ధిచేయక వాడరాదు.

ఎండకాలమున మన సీమలో వేడి 40 డిగ్రీలు దాటును. తొట్టినీరు 24 మొదలు 27 డిగ్రీల వఱకు నుండుట మేలు. నీరు వేడెక్కిన కొలది అందు ప్రాణవాయువు తగ్గును; చేప నీటిపైకి వచ్చి రొప్పును. నీటి ఉపరితలమునకు చిన్న పంకా గాలి తగులునట్లు చేసినచో నీరు చల్లబడును. కాని అట్లు ఆవిరియైనది నీరే గాని ఉప్పు కాదు. కావున తఱిగినంతమేర మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పు నానాటికి పెరిగిపోవును.

ఇక తెల్లమచ్చల జబ్బు. చేప మేనిపై ఉప్పురవ చల్లినట్లు చుక్కలు కనబడును. చేప రాళ్లకు ఒరసికొనును, మేత మానును. దీనికి కారణము కంటి కానని ఒక పరాన్నజీవి. కొన్ని దినములు చేప చర్మముననుండి, పిదప రాలి, అడుగున గూడు కట్టుకొని, అందు వందలుగా పెరిగి, మరల చేపను వెదకుచు బయలుదేరును. చుక్కలు రాలిపోగానే జబ్బు నయమైనదని మనము సంతోషింతుము. నిజమునకు అది బలము కూడగట్టుకొను సమయమది. ఇక్కడనే పెక్కుమంది మోసపోవుదురు.

చేయవలసినదేమనగా, చేపలన్నిటిని వేఱు తొట్టికి మార్చవలెను. మూడేసి దినముల కొకసారి శుభ్రముచేసి ఆరబెట్టిన మఱియొక తొట్టిలోనికి, క్రొత్త ఉప్పునీటిలోనికి చేపలను మార్చుచు, నాలుగు మార్పులు చేసినచో, రాలిన పురుగు తిరిగి చేపను చేరలేదు. రెండు తొట్లున్న చాలును, మందు అక్కఱలేదు. అసలు తొట్టిని మాత్రము సుమారు 76 దినములు చేపలు లేకుండ నుంచవలెను. ఆశ్రయము దొరకక పురుగు నశించును. రాగి కలిసిన మందు కూడ ఈ జబ్బును అణచును. కాని దానిని వేఱు తొట్టిలో, రాగి పాళము పరీక్షించుచు మాత్రమే వాడవలెను. అసలు తొట్టిలో పోసినచో రొయ్యలు, నత్తలు, అనిమోన్లు చచ్చును. రాళ్లు పీల్చిన రాగి చాలకాలము విడువదు.

రెండవ సంగతి, ఐప్టేసియా అను గోధుమవన్నె అనిమోన్. రాతితోపాటు చిన్న బొడిపెగా వచ్చి, పువ్వువలె విచ్చుకొనును. దాని తీగలు కుట్టును. ప్రక్కనున్న జీవులు ముడుచుకొనిపోవును. నేనును తొలుత తెలియక చాకుతో గీకి తీసివేసితిని. కొలది వారములలో ఒకటి యున్నచోట పది మొలచినవి! దాని పాదములోని చిన్నతునుక మిగిలినను అది మరల పూర్ణజీవి యగును. కావున దానిని కోయరాదు, గీకరాదు.

మనకు తెలిసిన సున్నమే దీనికి మందు. కలితీలేని పొడిసున్నమును మంచినీటితో చిక్కగా కలిపి, పంపు ఆపి, సిరంజితో మెల్లగా దాని నోటిపై పెట్టవలెను. ఒక పూటకు రెండు మూడింటికంటె ఎక్కువ చేయరాదు. సున్నము హెచ్చినచో నీటి క్షారగుణము పెరిగి చేపలకు హాని కలుగును. కన్నులలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడ దీనిని తినును. మేత మితముగా వేయుటయు ముఖ్యమే; మిగిలిన మేతయే ఈ కలుపునకు ఎరువు.

జబ్బునకును, కలుపునకును ప్రవేశద్వార మొక్కటియే. అది మన తొందర. క్రొత్త చేపను కొన్ననాడే తొట్టిలో విడువక, నాలుగు మొదలు ఆఱు వారములు వేఱుగా నుంచి చూడవలెను. కొనునపుడు మఱియొక జాగ్రత్త: వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో దిబ్బలు కట్టు పగడపు జీవులకును, సముద్రపు గుఱ్ఱములకును రక్షణ కల్పింపబడినది. అట్టివానిని సముద్రమునుండి తెచ్చి యమ్మువారివద్ద కొనరాదు. పెంపకపు క్లౌన్ చేపలు దొరకుచుండగా సముద్రమును దోచుట యెందులకు?

పిల్లలు ప్రతి ఉదయము తొట్టివద్దకు పోయి చేపలను లెక్కపెట్టుదురు. ఒకటి తగ్గిన నాడు వారడుగు ప్రశ్నకు మనవద్ద జవాబుండదు. ఆ ప్రశ్న రాకుండ చూచుకొనుటకు ఖరీదైన మందులకంటె కొంచెము ఓపిక, ఒక ఖాళీతొట్టి ముఖ్యము. సెలవు.