సీటు ఉంది, అక్కడిదాకా దారే లేదు

(విశాఖపట్నంలో ఆదివాసీ ఇంటర్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి చీకటితోనే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పని మానుకుని వెంట వచ్చిన అమ్మానాన్నలకు వందనాలు.

నన్ను మాట్లాడమన్నది ఒక్క ప్రశ్న మీద. మన్యంలో పదో తరగతి చదివే పిల్లకి ఆంధ్రా యూనివర్సిటీలో సీటొచ్చే అవకాశం ఎంత? ఉంది. బాగానే ఉంది. కానీ అది యూనివర్సిటీ గేటు దగ్గర పోవట్లేదు. అంతకు చాలా ముందే, కొండ మీదే పోతోంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ‘ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతా’ అని మనోళ్లు చాలామంది అంటారు. దేంట్లో అంటే తెలీదు. 1926లో పెట్టిన ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎక్కువగా ఉండేవి ఇంజనీరింగ్, ఫార్మసీ, లా, ఆ పైన పీజీ కోర్సులు. మామూలు డిగ్రీ అయితే దాని కింద ఉండే కాలేజీల్లో చదవాలి. దానికి ఆన్‌లైన్ అడ్మిషన్లు ఉంటాయి. ఇంజనీరింగ్‌కి ఈఏపీసెట్ రాయాలి. లా కోర్సుకి లాసెట్. పీజీకి 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి పీజీసెట్ పెట్టారు. అంటే పాడేరులో డిగ్రీ చదివిన పిల్ల కూడా మూడేళ్ల తర్వాత క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఇంటర్ అవగానే సీటు రాకపోతే అంతా అయిపోయినట్టు కాదు.

ఇప్పుడు లెక్క. మన రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం. అరవై సీట్ల బ్రాంచి ఉందనుకోండి, మనకు మూడో నాలుగో. అందులో మూడోవంతు ఆడపిల్లలకి. ఈ మూడు నాలుగు సీట్ల కోసం మనం, శ్రీకాకుళం సవరలు, రంపచోడవరం కొండరెడ్లు, మైదానంలోని యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు అందరం పోటీ పడతాం. ఆ పిల్లలు మనకు శత్రువులు కాదు, వాళ్ల కష్టాలు వాళ్లవి. ఇంకో మాట. మంచి ర్యాంకుతో ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న ఎస్టీ పిల్లని ఎస్టీ కోటాలో లెక్కేయకూడదు. ‘మీ ఆరు శాతం మీకుంది కదా, ఓపెన్‌లోకి ఎందుకొస్తారు’ అని ఎవరైనా అంటే, ఓపెన్ అంటే అందరిదీ అని చెప్పండి. ఓపెన్ అనేది ఇంకో కులం కోటా కాదు.

ఈఏపీసెట్ గురించి మీకు ఎవరూ సరిగ్గా చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. 160 ప్రశ్నలు, మూడు గంటలు. ఎంపీసీ వాళ్లకి లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు కోత లేదు. మిగతావాళ్లు ర్యాంకు పొందాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీస మార్కుల నిబంధనే లేదు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం ఉండాలి, అంతే. ‘మనకి రాదులే’ అని పరీక్షకే పోని పిల్లలు ఎంతమందో! పోండి. ఒక్క ప్రశ్న కూడా వదలకండి. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, కాబట్టి ముందే ఎక్కడైనా కూర్చుని మౌసు పట్టడం అలవాటు చేసుకోండి. కొండల్లో చాలామంది పిల్లలు పరీక్ష రోజునే మొదటిసారి మౌసు ముట్టుకుంటారు, మొదటి పది నిమిషాలు దానికే పోతాయి.

మరి ఇంత సులువుంటే మనోళ్లు ఎందుకు కనపడట్లేదు? ఎస్టీ కోటాలో అర్హులు దొరక్కపోతే ఆ సీటు ఎస్సీలకి పోతుంది. వాళ్లలోనూ లేకపోతే ఓపెన్‌కి పోతుంది. చట్టం ఇచ్చిన సీటు మన చేతుల్లోంచి అలా జారిపోతుంది, ఎవరూ లాక్కోకుండానే.

అసలు దెబ్బ పదో తరగతి తర్వాత వేసవిలో తగులుతుంది. ఆశ్రమ పాఠశాల పదితో అయిపోతుంది. ఆ తర్వాత గురుకుల జూనియర్ కాలేజీలో ఏ గ్రూపు ఖాళీగా ఉంటే ఆ గ్రూపు. లెక్కలు చెప్పే మాస్టారు ఏడాదిలో సగం లేకపోతే, లెక్కలంటే భయపడ్డ పిల్ల ఎంపీసీ ఎందుకు తీసుకుంటుంది? సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేరుతుంది. ఆ గ్రూపులు తక్కువవని కాదు, వాటితో లాయర్లూ కలెక్టర్లూ అవుతారు. కానీ ఆ పిల్ల దాన్ని ఎంచుకోలేదు, ఆమెకి మిగిలింది అది. ఇంజనీరింగ్ తలుపు ఆ రోజే మూసుకుపోయింది. రెండేళ్ల తర్వాత ‘ఆదివాసీలు పోటీకి రారు’ అంటారు.

భాష సంగతి కూడా చూడండి. ఇంట్లో కువి, లేకపోతే ఆదివాసీ ఒడియా. బడిలో తెలుగు. ఇంటర్లో ఇంగ్లిష్ పుస్తకం. పద్దెనిమిదేళ్లలోపు మూడు భాషలు దాటిన పిల్లని వెనకబడిందంటారు! 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీల అక్షరాస్యత 49 శాతమే. అంటే ఇక్కడ కూర్చున్న చాలామంది, ఇంట్లో ఫారం చదివి పెట్టేవాళ్లు లేకుండానే ఇక్కడిదాకా వచ్చారు.

మాస్టార్ల మాట వచ్చింది కాబట్టి జీవో 3 గుర్తు చేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది ఉద్యోగాల గొడవ అనుకుంటారు చాలామంది. కాదు. మన భాష తెలిసిన మాస్టారు, వానాకాలం కొండ దిగిపోని మాస్టారు పిల్లల ముందు ఉంటాడా లేదా అనే గొడవ. యూనివర్సిటీ సీటు ఆ మాస్టారి దగ్గరే మొదలవుతుంది.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. రోడ్డు పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే ఈ మీటింగుల్లో ఎక్కువ కనపడతాం. పోర్జ, గదబ, కోందు పిల్లలు ఎంతమంది వచ్చారో ఒకసారి చుట్టూ చూడండి. ఆరు శాతం గురించి బయటివాళ్లని అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడగాలి.

సీటు వచ్చాక కథ వేరు. నేను చదివిన కాలేజీ, పేరెందుకు గానీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని నా సర్టిఫికెట్లు నాలుగు నెలలు ఇవ్వలేదు. ప్రభుత్వం కట్టాల్సిన డబ్బుకి నేను జామీను అన్నమాట! క్లాసులో ‘కోటా’ అనే మాట ఎలాగూ వినపడుతుంది. దానికి రోజూ జవాబు చెప్పక్కర్లేదు. మన సీనియర్లు నలుగురు ఎక్కడున్నారో వెతుక్కోండి, హాస్టల్లో కలిసి ఉండండి.

ఐటీడీఏని మనం అడగాల్సింది పెద్దగా ఏం లేదు. ప్రతి గురుకుల జూనియర్ కాలేజీలో ఎంతమంది ఈఏపీసెట్‌కి కట్టారు, ఎంతమంది రాశారు, ఎంతమందికి సీటొచ్చింది, ఎంతమంది ఏడాది తర్వాత కూడా చదువుతున్నారు అన్నది ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. నాలుగు అంకెలు. అవి బయటికొస్తే ఏ కాలేజీలో లెక్కల మాస్టారు లేడో ఎవరూ చెప్పక్కర్లేదు. జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి సైన్సు, లెక్కల పోస్టులు నిండి ఉండాలి. డిసెంబర్‌లో గెస్ట్ లెక్చరర్ని పంపి సిలబస్ అయిపోయిందని రాసుకోవడం ఆపాలి.

చివరిగా, కాగితాలు. స్థానికులకు 85 శాతం సీట్లు ఉంటాయి. ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. ఒడిశా వైపు చుట్టాలింట్లో ఉండి చదివినవాళ్లు, నాన్నతో పనికి హైదరాబాద్ పోయి అక్కడ రెండేళ్లు చదివినవాళ్లు ఇక్కడ లేస్తారా? మీ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే చూసుకోవాలి, కౌన్సెలింగ్ నాడు కాదు. నర్సీపట్నం, రావికమతం వైపు షెడ్యూల్లో లేని ఊళ్ల పిల్లలు కుల ధృవీకరణకి ఈ వారమే అప్లై చేయండి, తిప్పుతారు.

భోజనాలయ్యాక సెకండియర్ వాళ్లు వెనక బెంచీల దగ్గరికి రండి. పది మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ జిరాక్సులు తెచ్చినవాళ్లవి మనవాళ్లు ఒక్కొక్కటి చూస్తారు. తేనివాళ్లు పేరు, ఊరు రాసి వెళ్లండి, మేమే మీ ఊరొస్తాం.