మొదటిసారి కారు పాలిష్ చేస్తున్నారా? మెషిన్, ప్యాడ్, పాలిష్ ఎలా ఎంచుకోవాలి

ఈ రోజు గుణదలలో మా ఇంటి ముందు, వేపచెట్టు నీడలో కూర్చుని మాట్లాడుతున్నాను. నా పక్కనున్నది బాబాయి వాళ్ళ నల్ల కారు. కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను, బానెట్ చూడండి. మిగతా కారు నలుపు ఒక రకం, బానెట్ నలుపు ఇంకో రకం. నీడలో అంతగా తెలీదు. ఎండలో పెడితే మాత్రం చిన్నపిల్లాడు కూడా కనిపెట్టేస్తాడు. దానికి కారణం నేనే.

మీలో చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఇంట్లోనే కారు పాలిష్ చేసుకుందామనుకుంటున్నా, ఏ మెషిన్ కొనమంటావ్?" అని. అందుకే ఈ ఎపిసోడ్‌లో మెషిన్ ఆన్ చేయను. కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయాలే మాట్లాడుకుందాం. ముందు నా ఘనకార్యం చెప్పేస్తాను.

నాలుగేళ్ళ కిందట అక్క పెళ్ళి. పెళ్ళికూతురు బాబాయి కారులోనే వెళ్ళాలని ఇంట్లో అనుకున్నారు. కారు అద్దంలా మెరవాలని నా పట్టుదల. మెషిన్ కొనడానికి డబ్బుల్లేవు. ఇంట్లో టైల్స్ కోసే నాలుగు అంగుళాల గ్రైండర్ ఉంది. దానికి ఒక స్పాంజ్ ప్యాడ్ కొని బిగించేశాను. ఆ గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. బానెట్ మధ్యలో బాగానే మెరిసింది. ఆ ఊపులో అంచు మీదకి తీసుకెళ్ళాను. రెండు మూడు సెకన్లే. కాలిన వాసన వచ్చింది. తుడిచి చూస్తే బొటనవేలంత మచ్చ, లోపలి బూడిదరంగు ప్రైమర్ బయటికి వచ్చేసింది.

బాబాయి ఒక్క మాట కూడా తిట్టలేదు. కాసేపు చూసి, "పూలవాడికి చెప్పి దండ ఇటువైపు కాస్త ఎక్కువ కట్టించు" అన్నాడు, అంతే. పెళ్ళి ఆల్బమ్‌లో కారు ఫొటో చూస్తే ఇప్పటికీ ఆ మూల బంతిపూలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. తర్వాత ఆటోనగర్ తీసుకెళ్ళి బానెట్‌కి రంగు వేయించాం. కానీ ఏళ్ళ తరబడి ఎండకి మారిన పాత రంగుతో కొత్త రంగు పూర్తిగా కలవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. మీకు ఆ అవసరం రాకూడదని ఈ వీడియో.

అసలు మనం రుద్దేది దేన్ని? కారు రంగు ఒకటే పొర కాదండి. ఆత్రేయపురం పూతరేకులా పొరలు పొరలుగా ఉంటుంది. కింద రేకు. దాని మీద తుప్పు పట్టకుండా ఒక పూత. దాని మీద ప్రైమర్. ఆ పైన మనకి కనిపించే రంగు. అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్. మెరుపంతా దానిదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకి ఈ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ ఒక 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుకకంటే పల్చటి పొర మీద మనం మెషిన్ పెడుతున్నాం.

పాలిష్ అంటే గీతల్ని నింపడం కాదు. గీత ఎంత లోతుందో, చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అంత వరకు అరగదీయడం. అరిగింది మళ్ళీ పెరగదు. అది బ్యాంకులో డబ్బులాంటిది, తీయడమేగానీ వేయడం లేదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే, ఏది కొనాలో సగం మీకే తెలిసిపోతుంది. తక్కువ తీసే మెషిన్, తక్కువ తీసే ప్యాడ్, తక్కువ తీసే పాలిష్. మొదలుపెట్టేవాళ్ళకి ఇదే దారి.

ఇప్పుడు మెషిన్. మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, నేను వాడిన గ్రైండర్. అది కోయడానికీ అరగదీయడానికీ చేసింది. దానికి ప్యాడ్ బిగించే అడాప్టర్లు అమ్ముతున్నారు కదా అని కొనొద్దు. దీని గురించి ఇంతకంటే చెప్పను.

రెండు, రోటరీ పాలిషర్. నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల మధ్య, ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. పెయింటు షాపుల్లో అనుభవమున్న మేస్త్రీల చేతిలో ఉండేది ఎక్కువగా ఇదే. చాలా వేగంగా పని చేస్తుంది. కానీ ఒకేచోట వేడి పుట్టిస్తుంది. కాస్త వంచి పట్టుకున్నా, ఒక్క క్షణం ఆపినా పెయింటు కాలుతుంది. కాలకపోయినా ఎండలో హోలోగ్రామ్‌లాంటి చారలు మిగులుతాయి. చెయ్యి తిరిగాక ఆలోచించండి, ఇప్పుడే వద్దు.

మూడు, డ్యూయల్ యాక్షన్ పాలిషర్. డీఏ అంటారు. మన వీడియో హీరో ఇదే. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇరుసుకి పక్కగా ఊగుతూ ఉంటుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు అనుకోండి. అందుకే వేడి ఒకేచోట పోగవదు. ఇంకో మంచి గుణం ఏంటంటే, మీరు మరీ గట్టిగా నొక్కితే, లేదా అంచు మీద వంకరగా పెడితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. ఊగుతుంది గానీ తిరగదు. అంటే తప్పు చేస్తే అది మొరాయిస్తుంది, గ్రైండర్‌లాగా పెయింటు తినేయదు. కొత్తవాళ్ళకి కావాల్సింది ఇలా మొరాయించే మెషినే.

అయితే ఒక జాగ్రత్త. డీఏలోనే ఫోర్స్‌డ్ రొటేషన్ అని ఇంకో రకం ఉంది. అందులో గేరు ఉంటుంది కాబట్టి ఎంత నొక్కినా ప్యాడ్ తిరుగుతూనే ఉంటుంది. మనం కొనాల్సింది గేరు లేనిది. బాక్స్ మీద ఫ్రీ స్పిన్నింగ్ అనో, రాండమ్ ఆర్బిటల్ అనో ఉందా చూసుకోండి.

బాక్స్ మీద ఇంకో నంబరు ఉంటుంది. 8 మిల్లీమీటర్లు, 15, 21. దాన్ని థ్రో అంటారు, అంటే ప్యాడ్ ఊగే వెడల్పు. 21 పెద్ద పెద్ద చదును భాగాలకి బాగుంటుంది. మనవాళ్ళ దగ్గర ఎక్కువ ఉన్నవి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు, అన్నీ వంపులే. కాబట్టి 15 థ్రో, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు, దానికి ఐదున్నర అంగుళాల ప్యాడ్ సరిపోతుంది. ఇటలీ కంపెనీ రూపెస్ బిగ్‌ఫుట్‌లో 15, 21 రెండూ ఉన్నాయి. అంత ఖరీదు పెట్టలేకపోతే అదే కొలతల్లో తక్కువ ధర మెషిన్లూ దొరుకుతాయి. మీరు చూడాల్సింది స్పీడు నెమ్మదిగా మొదలవుతుందా, స్పీడు మార్చే చక్రం ఉందా, బ్యాకింగ్ ప్లేటు విడిగా దొరుకుతుందా, కార్బన్ బ్రష్‌లు ఇక్కడ దొరుకుతాయా.

చిన్న చిట్కా: బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక గీత గీయండి. మెషిన్ నడుస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపిస్తే మీ నొక్కుడు సరిగ్గా ఉన్నట్టు. గీత ఒకేచోట ఆగిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా వంకరగా పట్టుకున్నారు.

తర్వాత ప్యాడ్లు. ఉన్ని ప్యాడ్, మైక్రోఫైబర్ ప్యాడ్, ఫోమ్ ప్యాడ్. మొదటి రెండూ గట్టిగా కోస్తాయి. మనకి ఫోమ్ చాలు. ఫోమ్‌లో కూడా కటింగ్, పాలిషింగ్, ఫినిషింగ్ అని మూడు మెట్లుంటాయి. ఇక్కడే చాలామంది పడిపోతారు. రంగు చూసి కొంటారు. ఒక కంపెనీలో పసుపు మెత్తనిది అయితే ఇంకో కంపెనీలో పసుపు గట్టిది కావచ్చు. రంగుకి రూలు లేదు. కంపెనీ చార్టు చూసి కొనండి.

ఎన్ని కొనాలి? ఒక్క ప్యాడ్‌తో కారంతా చేయలేం. వేడెక్కి, పాలిష్ పీల్చుకుని నానిపోతుంది. పాలిషింగ్ ప్యాడ్లు కనీసం మూడు, ఫినిషింగ్ రెండు, కటింగ్ ఒకటి. మెషిన్ మీదే డబ్బంతా పెట్టి ఒక్క ప్యాడ్‌తో ఇంటికి రావద్దు. మెషిన్ ఒక మెట్టు తక్కువది తీసుకున్నా పర్లేదు, ప్యాడ్లు ఎక్కువ తీసుకోండి. ఇంకో మాట, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టం కదా, అలాగే ఒక పాలిష్ వాడిన ప్యాడ్‌కి ఇంకో పాలిష్ రాయకండి. కింద పడిన ప్యాడ్ కడగకుండా వాడకండి. ఒక్క ఇసుక రేణువు చాలు.

ఇక పాలిష్. కాంపౌండ్ అంటే ఎక్కువ కోసేది, ఫినిషింగ్ పాలిష్ అంటే తక్కువ కోసి మెరుపు తెచ్చేది. షాపుకి వెళ్ళగానే మన చెయ్యి హెవీ కట్ అని రాసున్న సీసా మీదకే పోతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకండీ? పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపడం వల్ల వచ్చే సన్న గీతలకి, అంటే ఎండలో సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా కనిపించే వాటికి, చాలాసార్లు మీడియం లేదా ఫినిషింగ్ పాలిష్ సరిపోతుంది. నంబర్లు చూసి మోసపోవద్దు. మెంజెర్నాలో 400 ఎక్కువ కోసేది, 3800 చాలా మెత్తనిది. మెగ్వయర్స్‌లో ఎం 105 గట్టిది, ఎం 205 ఫినిషింగ్‌కి. ఒక కంపెనీ నంబరుని ఇంకో కంపెనీతో పోల్చలేం. మొదటిసారి ఒకే కంపెనీవి రెండు చిన్న సీసాలు తీసుకోండి, ఒకటి మీడియం, ఒకటి ఫినిషింగ్. వ్యాక్స్ రాస్తే గీతలు పోయినట్టు కనిపిస్తాయి గానీ అవి నూనె కింద దాక్కున్నాయంతే. నాలుగుసార్లు కడిగితే మళ్ళీ బయటికొస్తాయి.

అన్నీ కొన్నాక నేరుగా కారంతా మొదలుపెట్టకండి. కడిగి, క్లే బార్‌తో పట్టిన మురికి తీసి, అంచులకీ బాడీ లైన్లకీ నల్ల ప్లాస్టిక్‌కీ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల దగ్గర క్లియర్ కోట్ అన్నిటికంటే పల్చగా ఉంటుంది, నా అనుభవం చూశారుగా. తర్వాత రెండడుగుల చదరం ఎంచుకుని, ఫినిషింగ్ పాలిష్, ఫినిషింగ్ ప్యాడ్‌తో నాలుగైదు సార్లు నిలువుగా, అడ్డంగా నెమ్మదిగా తిప్పండి. తుడిచి టార్చి వేసి చూడండి. గీతలు పోలేదా? పాలిషింగ్ ప్యాడ్ మార్చండి. అప్పటికీ పోలేదా? అప్పుడు మీడియం పాలిష్. ఎక్కడ సరిపోయిందో అక్కడ ఆగిపోండి. గోరు ఆడిస్తే గోరు తగులుకునేంత లోతైన గీత ఉంటే దాన్ని వదిలేయండి. అది పోవాలంటే క్లియర్ కోటే పోవాలి.

మన బెజవాడ సంగతి కూడా చెప్పాలి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో బానెట్ మీద చెయ్యి పెట్టలేం. వేడి రేకు మీద పాలిష్ వెంటనే ఎండిపోయి పెచ్చులు కడుతుంది. తెల్లవారుజామున, నీడలో చేయండి. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి, వాటి కోసం మళ్ళీ పాలిష్ ఎత్తాల్సొస్తుంది. కడిగిన వెంటనే మైక్రోఫైబర్‌తో అద్దండి. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళప్పుడు మా వీధిలో దుమ్ము ఎలా ఉంటుందో వచ్చినవాళ్ళకి తెలుసు. ఆ దుమ్మునీ, వరద బురదనీ పొడిగా తుడవకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒకడు ఎండిన బురదని గోనెసంచితో తుడిచాడు. ఆ గీతలు ఏ పాలిష్‌కీ లొంగలేదు.

సెకండ్ హ్యాండ్ కారు అయితే ముందే పెయింటు మందం కొలిచే గేజ్‌తో చూపించుకోండి. ఏదైనా భాగం 100 కంటే బాగా తక్కువ చూపిస్తే ఇంతకుముందే ఎవరో అరగదీశారని అనుమానించాలి, దాని జోలికి వెళ్ళకండి. మిగతా వాటికంటే రెండింతలు చూపిస్తే మళ్ళీ రంగు వేసినట్టు లెక్క.

పోయిన నెల ఈ కారుకే డీఏతో పాలిష్ చేశాను. బానెట్ రంగు తేడా మాత్రం అలాగే ఉంది, అది పాలిష్‌తో పోయేది కాదు. బాబాయి చుట్టూ తిరిగి చూసి, "ఈసారి పూలు అక్కర్లేదురా" అన్నాడు.

ఈ వారం మీరు ఒక్క పని చేయండి. ఏదీ కొనకుండా, కారు శుభ్రంగా కడిగి, రాత్రి ఫోన్ టార్చి వేసి ఒక్కో డోరూ చూడండి. సన్న గీతలు ఎన్ని, గోరు తగిలేవి ఎన్ని, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూశాకే షాపుకి వెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో ఈ చెట్టు కిందే మెషిన్ ఆన్ చేద్దాం. ఉంటానండి.