కారు హీటరు – కారణవిచారము



నేడు నేను మనవి చేయబూనినది కారు హీటరును గూర్చి. రెంటచింతల యెండలలో మాడు మనకు హీటరుతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పుష్యమాసమున లంబసింగి, అరకు కొండదారులలో మంచు క్రమ్మినవేళ కారు ముందటి యద్దము లోపలివైపున చెమర్చి దారి కానరాదు. అప్పుడు ఆ చెమ్మను పోగొట్టునది వేడిగాలియే. మన బిడ్డలు కాపురముండు అమెరికా, కెనడాల చలిలోనో, హీటరు భోగవస్తువు గాదు, ప్రాణరక్షకము. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు: హీటరు చల్లబడుట ఒక్కొక్కప్పుడు ఇంజను రోగమునకు తొలి సూచన.

ముందుగా దాని పనితీరు తెలియవలెను. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో పెద్దపాలు చలనముగా మారక వేడిగానే పోవును. ఆ వేడిని తీసికొనిపోవుటకై కూలెంటు అను ద్రవమును ఇంజనులో పంపు త్రిప్పుచుండును. అది రేడియేటరులో చల్లారి మరల వచ్చును. దానిలో కొంతభాగము డాషుబోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరులోనికి పోవును. దానిమీదుగా ఫ్యాను గాలిని విసరును. ఇదియే హీటరు. దీనికి వేఱు నిప్పు లేదు. వంట ముగిసిన పొయ్యిలోని సెగతో నీళ్లు కాచుకొను ఇల్లాలి పొదుపు వంటిది. విద్యుత్తుతో నడచు కార్లకు ఈ సదుపాయము లేదు గనుక వానికి వేఱు ఏర్పాటుండును. నా మాటలు పెట్రోలు, డీసెలు కార్లను గూర్చియే.

అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారికి అన్వయవ్యతిరేకములు తెలియును. ఏది యున్నచో కార్యముండునో, ఏది లేనిచో కార్యము లేకుండునో, దానినే కారణముగా నిర్ణయింతుము. యంత్రమున దోషమును వెదకుటకును ఈ త్రోవయే మేలు. కనుక మొదటి ప్రశ్న యిది: గాలియే రాకున్నదా? గాలి వచ్చియు వేడి రాకున్నదా?

గాలియే రానిచో దోషము విద్యుత్తు వైపున నున్నది. ముందు ఫ్యూజును, పిదప ఫ్యాను మోటారును పరీక్షింపవలెను. ఫ్యాను మిక్కిలి హెచ్చు వేగమున మాత్రము తిరిగి, తక్కిన మెట్లలో తిరుగకున్నచో, వేగమును తగ్గించు రెసిస్టరు కాలినదని సాధారణముగా నూహింపవచ్చును.

గాలి వచ్చియు చల్లగా నున్నచో కూలెంటు మట్టమును చూడవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మూత తీయవలెను. లోపలి ద్రవము ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండగలదు. మూత తీసినంతనే ఎగజిమ్మి ముఖమును కాల్చును. వేడిని చూపు ముల్లు పైకెక్కుచుండగా హీటరునుండి చల్లగాలి వచ్చినచో, ద్రవము కారిపోయినదనియో, పంపు చెడినదనియో శంకించి బండిని వెంటనే ప్రక్కకు తీసి ఆపవలెను. ఇంకను నడిపినచో ఇంజనే నశింపవచ్చును.

ద్రవము నిండుగా నుండి, చాలసేపు నడచినను ముల్లు పైకి లేవకున్నదా? అప్పుడు థర్మోస్టాటును శంకింపవలెను. ఇంజను సుమారు 90 డిగ్రీల వేడి యెక్కువఱకు ద్రవమును పెద్ద రేడియేటరులోనికి పోనీయని తలుపు అది. అది తెఱచుకొనియే బిగిసిపోయినచో ఇంజను వేడెక్కదు. మిన్నెసోటాలో నున్న నా మేనల్లుని బండికి ఇట్లే యైనది. ఒక మరమ్మతుశాలవారు హీటరంతయు మార్పవలె ననిరి. వాడు ముల్లును గమనించి మఱియొకచోట చూపింపగా, థర్మోస్టాటు మార్చుటతోనే పని తీరినది.

ముల్లును, మట్టమును సరిగా నున్నచో, హీటరునకు పోవు గొట్టమును, దానినుండి వచ్చు గొట్టమును మరమ్మతు తెలిసినవారిచే పరీక్షింపజేయవలెను. రెండును వేడిగా నున్నచో, వేడిగాలిని త్రిప్పు లోపలి తలుపు బిగిసినదని యూహింపవచ్చును. ఒకటి వేడిగను ఒకటి చల్లగను ఉన్నచో, లోపల పూడికయో, చిక్కుకొన్న గాలియో యుండును. మన పల్లెలలో రేడియేటరున బోరునీరు పోయుట వాడుక. ఆ నీటి సున్నము, దానివలన పట్టు త్రుప్పు, ఈ సన్నని గొట్టములను పూడ్చును. తగిన కూలెంటునే పోయవలెను. కాని అందలి ఎథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. పిల్లలకు, పశువులకు అందనీయరాదు. కారులో తియ్యని వాసన వచ్చి, అద్దముపై జిడ్డు పట్టినచో హీటరు కారుచున్నదని గ్రహింపవలెను.

మన యెండలలో నొక యుపకారము కలదు. ముల్లు మితిమీరుచుండగా, ఏసీని ఆపి, హీటరును నిండుగా త్రిప్పినచో ఇంజను వేడి కొంత ఇటు వచ్చును. బండి నాపుటకు తగిన చోటు చేరువఱకు అది సాయపడవచ్చును.

కడపట మిక్కిలి ముఖ్యమైనది. హీటరు పనిచేయలేదని మూసిన కారులో బొగ్గుల కుంపటి పెట్టరాదు. మంచులో ఆగిన కారు పొగగొట్టము పూడియుండగా ఇంజను నడపరాదు. రెంటివలనను కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు లోపల చేరును. కొండపై పొగను జూచి నిప్పును తెలిసికొందుము. ఈ వాయువునకో, రంగు లేదు, వాసన లేదు. అనుమానమునకు హేతువే చిక్కదు. నిద్రలోనే ప్రాణము పోవును.

కావున పెద్దలారా, దూరదేశమునుండి మీ బిడ్డలు హీటరు చెడినదని ఫోనులో చెప్పినప్పుడు, “గాలి రాలేదా, వేడి రాలేదా? ముల్లెచ్చట నున్నది? పొగగొట్టమునకు మంచు అడ్డములేదు గదా?” యని యడుగుడు. ఈ ప్రశ్నల నడుగుటకు యంత్రశాస్త్రము చదివియుండ నక్కఱలేదు. సెలవు.