పాత లాంచీని తిరిగి కట్టుట

(శతజయంతి సందర్భమున జరిగిన యువజన సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కాలువ గట్టున రేకుల షెడ్డులో పడియున్న పాత చెక్క లాంచీని ఈ శతజయంతి సంవత్సరములో తిరిగి నీళ్లమీదికి దింపవలెనని మన యువజనులు తలపెట్టిరి. మంచి తలంపు. మన పెద్దలు దానిమీదనే ఊరూరికి వెళ్లిరని వినుచు పెరిగినవారము మనము. అయితే ఈ పనిలో రెండు అభిప్రాయములు వచ్చినవి. "పుచ్చిన పలకలు ఊడదీసి, కొత్త డీజిలు ఇంజను పెట్టి, రంగు వేసిన చాలును" అని కొందరు. "దానిని అట్లే ఉంచి, దానిని చూచి మరియొకటి కట్టుదము" అని మరికొందరు. ఇట్టి పని చేసినవారు ఇతర దేశములలో ఏమి నేర్చుకొనిరో చెప్పుమని మమ్మును అడిగిరి. మేము ఇంజనీరు చదువు చదివినవారము కాము. పుస్తకములు చదివి, మేస్త్రీలను అడిగి తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

మొదట మోటారు లాంచీ పుట్టుక చూడుడి. 1886లో జర్మనీ దేశమున కాన్‌స్టాట్ నొద్ద నెకర్ నది మీద గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాక్ అను ఇద్దరు ఒక చిన్న పడవకు పెట్రోలు ఇంజను బిగించి నడిపిరి. పడవ పొడవు సుమారు 4.5 మీటర్లు. ఇంజనుకు ఒకటే సిలిండరు. నిలువు గడియారమువలె ఉండుటచేత దానికి ఆ పేరే పడెను. అప్పటి జనులకు పెట్రోలనిన భయము; ఎప్పుడు పేలునో అని ఎక్కుటకు జంకిరి. అందుచేత డైమ్లరు పడవ అంచుల వెంట తీగెలను, పింగాణీ బుడిపెలను అమర్చి, ఇది విద్యుత్తుతో నడచుచున్నదని జనులు అనుకొనునట్లు చేసెనని చెప్పుదురు.

ఆ పడవకు నేడు నకలు కట్టువాడు ఆ తీగెలను పెట్టవలెనా, మానవలెనా? అవి ఇంజనుకు ఏమాత్రమును పనికిరావు. అయినను పెట్టవలెనని మేమందుము. ఆనాటి జనుల భయము ఆ తీగెలలో ఉన్నది. అయితే అవి ఎందుకు పెట్టబడెనో చూడవచ్చినవారికి చెప్పవలెను.

అమెరికాలో కథ మరొక రీతిగా నడచెను. ఆవిరి లాంచీ నడుపుటకు లైసెన్సు గల ఇంజనీరు ఉండవలెనని అక్కడ ఆనాటి చట్టము. ఆ చిక్కు లేకుండుటకు న్యూయార్కులో 1885 ప్రాంతమున నాఫ్తా లాంచీలు బయలుదేరెను. నీటికి బదులు నాఫ్తాను, అనగా పెట్రోలు వంటి నూనెను, మంటమీద మరిగించి ఆ ఆవిరితోనే ఇంజను త్రిప్పిరి. పనిచేసిన ఆవిరి పడవ అడుగున నీళ్లలో ఉన్న గొట్టములో చల్లబడి తిరిగి ట్యాంకునకు చేరును. ఎంత తెలివియో అంత ప్రమాదము! కావున నేడు అట్టి లాంచీకి నకలు కట్టువారిలో కొందరు రూపమును మాత్రము ఉంచి, లోపల విద్యుత్ మోటారు పెట్టుకొందురు. అదియును కొత్త వస్తువు కాదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో 50కి పైగా విద్యుత్ లాంచీలు జనులను త్రిప్పినవి. ప్రాణభద్రత కొరకు మార్చుట తప్పు కాదు. మార్చి, మార్చలేదనుట తప్పు.

ఇక పని విధానము. ముందుగా కొలత, తరువాతనే ఉలి. పాత పడవను రసమట్టముతో సరిచేసి నిలిపి, నడుమ ఒక దారము లాగుదురు. అడుగుకొక చోట ఆ దారము నుండి పక్క పలక ఎంత దూరమో, నేలనుండి ఎంత ఎత్తో తూకపు గుండు వేసి కొలిచి పట్టిక వ్రాయుదురు. ఆ పట్టికను బట్టి పడవ ఆకారమును నిండు కొలతలో నేలమీద గీయుదురు. ఆ గీతలలో వంపు తిన్నగా రానిచో కొలత తప్పెనని అప్పుడే తెలియును. తరువాతనే చెక్క కోయుదురు. అమెరికాలో వంపు కర్రలకు ఓక్ చెక్కను ఆవిరి పెట్టెలో ఉంచుదురు. అంగుళము మందమునకు ఒక గంట చొప్పున లెక్క. వేడి చల్లారక మునుపే తీసి వంచవలెను. పలకల సందులలో దూది కూరుట మన గోదావరి నావల మేస్త్రీలకును తెలిసిన విద్యయే.

1936, 1937 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వము, పనిలేక ఉన్న ఓడ మేస్త్రీలను, నక్షాలు గీయువారిని పంపి, రేవులలో కుళ్లుచున్న పాత చెక్క ఓడలను కొలిపించెను. కూలి దొరికినది, నక్షాలు మిగిలినవి. ఆ నక్షాలు నేటికిని స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రముగా ఉన్నవి.

ఇంజను సంగతి మరింత కష్టము. పోత ఇనుము చల్లారునప్పుడు అడుగుకు సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు కుదించుకొనిపోవును. కావున చెక్క అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయవలెను. పాత సిలిండరునే అచ్చుగా ఇసుకలో నొక్కి పోత పోసిన యెడల కొత్తది చిన్నదగును. దానిని చూచి పోసినది ఇంకను చిన్నదగును. సహోదరులారా, నకలుకు నకలు తీయుచు పోయినకొలది అసలు తరిగిపోవును. ఎప్పుడును మొదటిదానియొద్దకే పోయి కొలవవలెను.

కొలతకు అందని సంగతులును కలవు. ఆ కాలపు రెండు స్ట్రోకుల ఇంజనులు అనేకములకు వెనుకకు నడుపు గేరు లేదు. సరంగు స్విచ్చి ఆపి, ఫ్లైవీలు నెమ్మదించి పిస్టన్ పైకి వచ్చి ఇంకను కొన చేరకమునుపే మరల నిప్పురవ్వ ఇచ్చును. పిస్టన్ వెనుకకు తన్నబడి ఇంజను ఎదురు తిరుగును. ఆ క్షణము ఎప్పుడో చెవికి, చేతికి తెలియవలెను గాని పటములో కనబడదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మేము ఈ సంఘమునకు వచ్చిన మొదటి సంవత్సరములో, షెడ్డులో తుప్పు పట్టియున్న మన లాంచీ ఇంజనును పాత ఇనుము క్రింద తూకమునకు అమ్ముటకు సంతకము పెట్టినది మేమే. ఒక ఫొటో అయినను తీయించలేదు. వచ్చిన డబ్బుతో ప్రహరీకి సున్నము వేయించి సంతోషించితిమి. ఇప్పుడు మిగిలినవి ఇంజను కూర్చున్న రెండు దూలములు, వాటి బోల్టు రంధ్రములు, ఫ్యాను ఇరుసు. అయినను ఆ రంధ్రముల నడిమి దూరము ఇంజను అడుగు కొలత చెప్పును. ఇరుసు వాలు ఇంజను ఎత్తు చెప్పును. ఆ దూలములను ఊడదీసినచో ఆ సాక్ష్యమును పోవును.

కావున యువజనులకు మా మనవులు మూడు. మొదటిది, కొలతలన్నియు వ్రాసి ఫొటోలు తీయువరకు ఒక్క పలకనైనను కదపవద్దు. రెండవది, ఆ లాంచీ నడిపిన మన వృద్ధ సరంగు తాతగారు ఇంకను మన మధ్య ఉన్నారు; ఈ వారమే నోటుపుస్తకము తీసికొని ఆయనయొద్ద కూర్చుండుడి. మూడవది, కొత్త లాంచీ కట్టినప్పుడు దానికి ఇత్తడి రేకు బిగించి, ఇది నకలని, ఏ సంవత్సరమున కట్టితిమో, పాతదానికంటె ఏమేమి మార్చితిమో చెక్కించుడి. పాతదానిని వాన తగులకుండ కప్పి దాని ప్రక్కనే ఉంచుడి. మీ మనుమలు మన లెక్క తప్పని కనుగొనినచో మరల కొలుచుకొనుటకు అది ఉండవలెను.

రేపు సాయంకాలము నాలుగు గంటలకు షెడ్డునొద్ద కలిసికొందము. రసమట్టము, దారము మేము తెచ్చెదము. సెలవు.