ఐపీ అంకె వెనక పేరు

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ సొంత సర్వర్ నుంచి కొటేషన్ మెయిల్ చేసిందనుకుందాం. అవతలి సర్వర్ ముందు చూసేది పంపిన సర్వర్ ఐపీ అంకెను: ఉదాహరణకు 203.0.113.25. దాన్ని 25.113.0.203 అని తిరగేసి, చివర ఇన్-యాడర్ డాట్ ఆర్పా తగిలించి, ఇంటర్నెట్ పేర్ల పట్టిక అయిన డీఎన్ఎస్‌లో వెతుకుతుంది. అక్కడ ఐపీకి పేరు చెప్పే పీటీఆర్ రికార్డులో ఏ పేరుంటే బయటివాళ్లకు కనిపించేది అదే. మనం కంప్యూటర్‌కు లోపల పెట్టుకున్న పేరుతో దానికి సంబంధం లేదు.

చాలామంది తికమకపడేది ఇక్కడే. డొమైన్ కొన్నచోట ఈ రికార్డు మారదు. ఐపీ ఎవరిదైతే వాళ్లే రాయాలి. చిన్న యూనిట్లకైతే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే. రికార్డు లేకపోతే చాలా సర్వర్లు మెయిల్‌ను తిప్పికొడతాయి, ఆర్డరే చేజారవచ్చు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ లాంటి పెద్ద సంస్థలకు నెట్‌వర్క్ సిబ్బంది ఉంటారు. చిన్న పరిశ్రమలవాళ్లు మాత్రం స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ, తీసుకునే రోజే పీటీఆర్ రాయమని అడగండి. ఆ పేరును మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి, అదీ సరిచూసుకోండి.